లివర్‌లో చీము గడ్డ: పైపుతో 25 రోజులు - నా అనుభవం

2024 జులై 29, సోమవారం. సాయంత్రం నాలుగున్నరకు మిల్లులో లారీ లోడు లెక్క రాస్తున్నాను. ఉన్నట్టుండి చలి పట్టుకుంది. మామూలు చలి కాదు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, చేతిలో పెన్ను నిలవలేదు. హమాలీలు పరిగెత్తుకొచ్చి రెండు ఖాళీ గోనె సంచులు కప్పారు. అరగంటకు వణుకు ఆగి ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. ఇంటికి చేరేసరికి జ్వరం 103. రాత్రి రెండింటికి బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట. తెల్లవారేసరికి ఏమీ జరగనట్టే ఉంది.

నాకు 52 ఏళ్ళు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాని. ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. గోలీలు వేసుకున్న రోజులూ ఉన్నాయి, మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికంతా మూలం అక్కడే ఉందని డాక్టర్లు చెప్పారు.

మర్నాడు మా వీధి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. ఒక ఇంజక్షన్, జ్వరం గోలీలు ఇచ్చాడు. పగలంతా బాగుండేది, సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ వణుకు. ఆగస్టు 1న రక్తపరీక్ష రాశాడు. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష పాజిటివ్ వచ్చింది. "టైఫాయిడ్ గుమస్తా గారూ, అయిదు రోజులు సూది వేస్తే పోతుంది" అన్నాడు. చేతికి సూది పెట్టి రోజుకో ఇంజక్షన్, ఒక సెలైన్. రోజుకు 700 రూపాయలు. మూడో రోజుకు జ్వరం 100 దగ్గరికి దిగింది. తగ్గిపోతోందనే అనుకున్నాం. మా ఆవిడ గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టింది.

ఇంజక్షన్లు అయిపోయిన రెండో రోజుకే వణుకు తిరిగొచ్చింది. ఈసారి కుడి భుజం నొప్పి కూడా. రాత్రి అడ్డదిడ్డంగా పడుకుని ఉంటానని బామ్ రాయించుకున్నాను. నిండా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో ఏదో పట్టేసినట్టుండేది. కుడి పక్కకు తిరిగి పడుకోలేను. అన్నం చూస్తే వికారం. మూడు రోజులు ఒట్టి మజ్జిగ, జావ మీదే ఉన్నాను. అయినా ఇంట్లో మిషన్ మీద షుగర్ 380 చూపించింది. ఏమీ తినకుండా షుగర్ ఎందుకు పెరుగుతుందో నాకు అర్థం కాలేదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే తిండితో పని లేకుండానే షుగర్ పెరుగుతుందని తర్వాత తెలిసింది.

ఆగస్టు 9, శుక్రవారం మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది. నన్ను చూసి గడపలోనే ఆగిపోయింది. "నాన్నా, ఏంటి ఇలా అయిపోయావు?" అని ఇక ఎవరి మాటా వినలేదు. ఊళ్ళోనే ఒక ఎండీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నాడి చూశారు, నాలుక చూశారు. కుడి పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కారు. నేను పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారట. ఆయన ఇంకేమీ అడగలేదు. "ముందు స్కానింగ్" అన్నారు.

900 రూపాయల అల్ట్రాసౌండ్. స్కాన్ చేసే డాక్టర్ మొదట మామూలుగా మాట్లాడుతూనే ఉన్నారు. కుడి డొక్క దగ్గరికి రాగానే మాట ఆగిపోయింది. అదే చోట మళ్ళీ మళ్ళీ తిప్పారు. నేను తల తిప్పి తెర చూశాను. బూడిద రంగు మధ్యలో నల్లటి గుంట, అంచులు అడ్డదిడ్డంగా ఉన్నాయి. లివర్ కుడి భాగంలో 9.2 × 7.4 సెంటీమీటర్ల చీము గడ్డ. మా నల్లగొండ పెద్ద బత్తాయి అంత. అంతది లోపల పెట్టుకుని నేను భుజానికి బామ్ రాసుకుంటున్నాను.

పదకొండు రోజులు పోయాయి. ఆర్‌ఎంపీని తిట్టడానికి ఇది రాయడం లేదు, అతను తనకు తెలిసింది చేశాడు. కానీ వైడాల్ పాత ఇన్‌ఫెక్షన్ వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా పాజిటివ్ రావచ్చని, దాన్నొక్కదాన్నే నమ్మి టైఫాయిడ్ అనుకోకూడదని ఆ తర్వాత ముగ్గురు డాక్టర్లు చెప్పారు. షుగర్ ఉన్న మనిషికి రోజూ వణికించే జ్వరం, కుడి డొక్కలో నొప్పి కలిసి ఉంటే రెండో రోజే స్కానింగ్ చేయించమనండి. 900 రూపాయలతో తెలిసిపోయేది.

ఆ రాత్రే కారు మాట్లాడుకుని హైదరాబాద్ బయల్దేరాం. 5,500 తీసుకున్నాడు. దారిలో నల్లగొండ దాటాక మళ్ళీ వణుకు. మా ఆవిడ తన చీర కొంగు కూడా కప్పి, నా చేతులు రుద్దుతూ ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. ఒంటిగంటకు ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేరాను. బీపీ 90/60. షుగర్ 412. 50,000 అడ్వాన్స్ కట్టమన్నారు. అమ్మాయి తన కార్డు గీకింది. రెండు చేతులకూ సూదులు, సెలైన్, షుగర్‌కు ఇన్సులిన్. రెండు సీసాల నిండా రక్తం తీసుకుని, అందులో ఏ క్రిములు పెరుగుతాయో చూసే కల్చర్ పరీక్షకు పంపారు. "బీపీ ఇలాగే ఉంటే ఐసీయూ" అని డ్యూటీ డాక్టర్ అమ్మాయితో చెప్పడం వినపడింది. తెల్లారేసరికి 110కి వచ్చింది. ఐసీయూ తప్పింది.

శనివారం సీటీ స్కాన్ తీశారు. వెంటనే చీము తీసేస్తారనుకున్నాను, తీయలేదు. రక్తం గడ్డకట్టే పరీక్ష సరిగా రాలేదు. లివర్ దెబ్బతింటే రక్తం త్వరగా గడ్డకట్టదట, ఆ పరిస్థితిలో గుచ్చితే లోపల రక్తస్రావం అవుతుందట. విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చి మర్నాడు చూద్దామన్నారు. ఆ ఒక్క రాత్రి నాకు ఏడాదిలా గడిచింది. లోపల ఉందని తెలియనప్పుడు లేని భయం, తెలిశాక నిమిష నిమిషానికీ పెరిగింది. దగ్గితే పగులుతుందేమో, తిరిగితే పగులుతుందేమో అని కదలకుండా పడుకున్నాను.

ఆగస్టు 11, ఆదివారం పది గంటలకు తీసుకెళ్ళారు. ఆపరేషన్ థియేటర్ కాదు, స్కానింగ్ గదే. మత్తు కూడా ఆ చోటికి మాత్రమే. కొంచెం ఎడమ పక్కకు ఒరిగి, కుడి చెయ్యి తల మీదికి పెట్టుకోమన్నారు. తిమ్మిరి ఇంజక్షన్ చురుక్కుమంది. తర్వాత "ఊపిరి బిగపట్టండి" అన్నారు. పక్కటెముకల సందులోంచి ఏదో లోపలికి తోసుకుంటూ పోయింది. నొప్పి కన్నా ఆ ఒత్తిడే భరించలేకపోయాను. భుజం దాకా లాగింది. ఆ తర్వాత ఒక్కసారిగా వాసన. ఇలాంటి వాసన నా ఒంట్లోంచి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. 50 మిల్లీలీటర్ల సిరంజి మూడు సార్లు నిండింది, నాలుగోది కొంచెం. పసుపుపచ్చగా, చిక్కగా, అక్కడక్కడ ఎర్రటి చారలతో. 160 మిల్లీలీటర్లు. సిస్టర్ ఒక చిన్న డబ్బాలో కొంత పోసి మూత బిగించి ల్యాబ్‌కు పంపింది. పైపును లోపలే వదిలేసి, చర్మానికి ఒక కుట్టు వేసి, చివర సంచి తగిలించారు. ఆ పైపును పిగ్‌టెయిల్ అంటారు. లోపలి కొన పంది తోకలా చుట్టుకుని జారిపోకుండా ఉంటుంది. మొత్తం 35 నిమిషాలు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు వణుకు రాలేదు. గడియారం చూస్తూ అయిదు దాటేదాకా ఎదురుచూశాను.

నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అడిగిన ప్రశ్న ఒక్కటే: నేను బయట తిండి తినను, తాగుడు లేదు, లివర్‌కు ఇది ఎందుకొచ్చింది? కల్లు తాగుతారా అని మాత్రం పెద్ద డాక్టర్ అడిగారు. ఎండాకాలంలో ఎప్పుడైనా తాగేవాణ్ణే. కల్లు తాగేవాళ్ళలో అమీబా వల్ల కూడా లివర్‌లో గడ్డలు వస్తుంటాయట. ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా దానికి కూడా మెట్రోనిడజోల్ ఎక్కించారు. నాలుగు రోజులు నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టే ఉంది. చివరికి అమీబా కాదని తేలింది.

మంగళవారం రాత్రి రౌండ్లకు వచ్చిన జూనియర్ డాక్టర్ నా మంచం మీద కూర్చుని, ఒక పాత రిపోర్టు వెనక బొమ్మ గీసి చెప్పాడు. మా అమ్మాయి కన్నా రెండేళ్ళు పెద్దవాడేమో. "అంకుల్, పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే వస్తుంది. దాంతో పాటు అప్పుడప్పుడు క్రిములూ వస్తాయి. వాటిని పట్టి మింగడానికి లివర్‌లోనే కుప్ఫర్ కణాలని కాపలావాళ్ళుంటారు. మామూలుగా మనకు తెలియకుండానే ఆ పని జరిగిపోతుంది. మీకు షుగర్ ఎక్కువగా ఉండటంతో వాళ్ళ బలం తగ్గింది, క్రిములు తప్పించుకుని పెరిగాయి."

క్రిముల పై పొరను గుర్తుపట్టగానే ఆ కణాలు ప్రమాదం వచ్చిందని రక్తంలోకి రసాయనాలు వదులుతాయట. వణుకు, జ్వరం వాటి వల్లే. ఆ పిలుపు విని తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి పడతాయి. నాకు అప్పుడు 21,400 ఉన్నాయి, మామూలుగా 11,000 లోపు ఉండాలి. అవి క్రిములను చంపడానికి ఘాటైన రసాయనాలు, కండను కరిగించే ఎంజైములు వదులుతాయి. అవి క్రిమినీ, పక్కనున్న మంచి లివర్ కణాన్నీ వేరు చేసి చూడవు. రెంటినీ కరిగిస్తాయి. అలా చచ్చిన కణాలు, కరిగిన కండ, క్రిములు కలిస్తేనే చీము.

నాకు వెంటనే మా మిల్లు గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కింద గోదాములో ఒక మూల నిప్పంటుకుంది. కాలినవి ముప్పై బస్తాలే. ఆర్పడానికి కొట్టిన నీళ్ళకు తడిసి ముక్కిపోయినవి నాలుగు వందలు. ఆ లెక్క రాసింది నేనే. ఆ మాట చెప్తే డాక్టర్ బాబు "సరిగ్గా అదే అంకుల్" అన్నాడు.

14న చీము కల్చర్ రిపోర్టు వచ్చింది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. అంతకుముందు తీసిన రక్తంలో ఏమీ పెరగలేదు, ఊళ్ళో వేసిన ఇంజక్షన్ల వల్ల కావచ్చన్నారు. ఏ మందు పనిచేస్తుందో ఆ రిపోర్టులోనే ఉంటుంది. ఖరీదైన మందు ఆపేసి సెఫ్ట్రియాక్సోన్ మొదలుపెట్టారు. మా అమ్మాయి ఊరి నుంచి తెచ్చిన చీటీ తీసి చూసింది. ఆర్‌ఎంపీ అయిదు రోజులు వేసిందీ అదే. మా ఆవిడకు కోపం ఆగలేదు. "అక్కడ పనిచెయ్యని మందు ఇక్కడెట్ల పనిచేస్తది సార్?" అని పెద్ద డాక్టర్నే అడిగేసింది. ఆయన విసుక్కోకుండా చెప్పారు. మందు రక్తంతో పాటు ప్రయాణం చేస్తుంది. గడ్డ చుట్టూ శరీరమే ఒక గోడ కట్టేసింది, క్రిములు బయటికి పాకకుండా. గోడ లోపల చీములో రక్తనాళాలే లేవు. అందుకని మందు గోడ దాకా వచ్చి ఆగిపోయింది, జ్వరం కొంచెం తగ్గి మళ్ళీ వచ్చింది. ఇంత పెద్ద గడ్డలో చీము బయటికి తీయకుండా ఒక్క మందుతో తగ్గడం కష్టం. పైగా అక్కడ వేసిన మోతాదు సగమే, రోజులూ అయిదే. ఇక్కడ మొత్తం ఆరు వారాలు.

క్లెబ్సియెల్లా అని తెలిసిన రోజు నుంచి ప్రతి పొద్దునా "చూపు మసకగా ఉందా సార్?" అని అడగడం మొదలుపెట్టారు. లివర్ జబ్బుకు కంటి డాక్టర్ రావడం ఏమిటో అర్థం కాలేదు. ఈ బ్యాక్టీరియా రక్తంలో పడి కంట్లోకి చేరితే ఒకటి రెండు రోజుల్లో చూపు పోవచ్చట. చుక్కలు వేసి చూసి, బాగానే ఉందన్నారు. ఆ రోజు నుంచి నేను లేవగానే ఒక కన్ను మూసుకుని ఎదురుగోడ మీద క్యాలెండర్ తేదీలు చదివేవాణ్ణి. తర్వాత రెండో కన్ను.

భుజం నొప్పి సంగతి కూడా అప్పుడే తెలిసింది. లివర్ పైన ఉండే డయాఫ్రం పొరకు నరం మెడ దగ్గర నుంచి వస్తుందట. కింద మంట పుడితే నొప్పి భుజంలో తెలుస్తుంది.

సంచిలోకి వచ్చే చీము లెక్క రాయడం మా ఆవిడ పని. ఇంట్లోంచి తెచ్చుకున్న పాల లెక్క పుస్తకంలో వెనక నుంచి రాసింది. 12న 90 మిల్లీలీటర్లు. 13న 70. 14న 75. 15న 40. 16న 12. ఆ రోజు వార్డులో అందరం సంతోషపడ్డాం, అయిపోవచ్చిందని. కానీ సాయంత్రానికి జ్వరం 101, డొక్కలో మళ్ళీ బరువు. చీము తగ్గలేదు, పైపు మూసుకుపోయింది. డ్యూటీ డాక్టర్ వచ్చి సిరంజితో 10 మిల్లీలీటర్ల సెలైన్ మెల్లగా లోపలికి పంపి, వెనక్కి లాగారు. చిన్న గడ్డలాంటిది వచ్చి సంచిలో పడింది, వెనకాలే చీము. 17న 55. అప్పటి నుంచి రోజుకు రెండు సార్లు సెలైన్‌తో కడగడం మొదలుపెట్టారు. లోపలికి పంపిన సెలైన్‌ను లెక్కలోంచి తీసేయాలని కూడా అప్పుడే చెప్పారు. పైపు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోండి: అంకె ఒక్కసారిగా పడిపోతే పండగ చేసుకోకండి, సిస్టర్‌ను పిలవండి.

19న రాఖీ పౌర్ణమి. మా చెల్లెలు సూర్యాపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కుడి చేతికి సూది ఉంది, ప్లాస్టర్ ఉంది. ఎక్కడ కట్టాలో తెలియక ప్లాస్టర్ పైన వదులుగా కట్టింది. "అన్నా, నువ్వు మళ్ళా మునుపటిలెక్క కావాలె" అని ఏడ్చింది. ఏడుస్తూనే వదినతో "పప్పు పెట్టకు వదినా, గుడ్డు అసలే వద్దు, చీము పడ్తది" అని చెప్పింది. మా ఇళ్ళల్లో పుండు ఉంటే పప్పు పెట్టరు. కానీ నా రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2.4 మాత్రమే ఉంది, కాళ్ళు వాచి వేలు పెడితే గుంట పడుతోంది. లివర్ మళ్ళీ పెరగాలన్నా, వాపు దిగాలన్నా ప్రోటీన్ కావాలి, రోజుకు మూడు గుడ్లలో తెల్లసొన, పప్పు తప్పకుండా తినమని డైటీషియన్ రాసిచ్చింది. మా ఆవిడ రెండు రోజులు నలిగిపోయింది. చివరికి పెద్ద డాక్టర్‌తో మరోసారి చెప్పించుకుని గానీ గుడ్డు ఉడకబెట్టలేదు.

21న డిశ్చార్జ్. పదకొండింటికి వెళ్ళిపోవచ్చన్నారు, బయటపడేసరికి రాత్రి ఎనిమిది. మిల్లు తరఫున మూడు లక్షల ఇన్సూరెన్స్ ఉంది. షుగర్ ఎన్నేళ్ళుగా ఉందో డాక్టర్ లెటర్ కావాలని వాళ్ళు రెండు సార్లు అడిగారు. బిల్లు 2,63,400. ఇన్సూరెన్స్ ఇచ్చింది 2,18,000. గ్లౌజులు, సిరంజిలు, సంచి లాంటివి వాళ్ళు ఇవ్వరట. ఊళ్ళో ఖర్చు, కారు, మందులు, తర్వాతి ప్రయాణాలు కలిపితే మా చేతి నుంచి 88 వేలు పోయాయి. జీతం లేని రోజులు వేరే. సేటు సగం జీతం ఇచ్చాడు, అది మరిచిపోలేను.

పైపుతోనే ఇంటికొచ్చాను. సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందనే ఉండాలి. నడిచినప్పుడు ఊగి కుట్టు లాగేది. మా ఆవిడ పాత నూలు చీర చింపి, మెడలోంచి తొడ దాకా వేలాడే పొడుగు సంచి కుట్టింది, దాంట్లో పెట్టుకుని తిరిగేవాణ్ణి. స్నానం లేదు, తడి గుడ్డతో తుడుచుకోవడమే. రాత్రి నిద్రలో తిరిగితే పైపు నలుగుతుందని ఎడమ వైపు గోడకు దిండ్లు పెట్టుకుని వెల్లకిలా పడుకునేవాణ్ణి. అన్నిటికన్నా కష్టం జనం. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా ముఖం చూడకుండా సంచి చూసేవాళ్ళు.

సెప్టెంబర్ 2న పైపు తీయాలి. ఆగస్టు 31 నుంచి కుండపోత వాన. ఖమ్మం, సూర్యాపేట వైపు వరదలు, బస్సులు నమ్మకం లేదు. అప్పటికి లెక్క రోజుకు 5 దాటడం లేదు, అయినా పైపు చుట్టూ చర్మం ఎర్రబడి టెన్షన్ పడ్డాం. ఫోటో తీసి అమ్మాయి డాక్టర్‌కు పంపితే కట్టు మార్చమని, ఆగమని చెప్పారు. 5వ తేదీన వెళ్ళగలిగాం. ముందు స్కాన్: గడ్డ 3.4 సెంటీమీటర్లు. కుట్టు తీసి, ఊపిరి వదలమని, ఒక్క లాగు. పది సెకన్లు. నొప్పి కన్నా లోపలి నుంచి పాము జారిపోయినట్టు అనిపించింది. రెండు రోజుల తర్వాత వినాయక చవితి. 40 రోజుల్లో మొదటిసారి తలంటు పోసుకున్నాను.

మాత్రలు సెప్టెంబర్ 21న పూర్తయ్యాయి. 30న పెద్దపేగు లోపలికి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ చేయించారు, 7,500. పిత్తాశయంలో రాళ్ళు లేకుండా ఈ బ్యాక్టీరియా గడ్డ వస్తే పెద్దపేగులో కణితి లాంటిది ఏమైనా ఉందేమో చూడటం మంచిదట. ముందు రాత్రి పేగు ఖాళీ కావడానికి ఇచ్చిన ఉప్పు నీళ్ళు తాగడం పైపు వేయించుకోవడం కన్నా కష్టంగా అనిపించింది. ఏమీ లేదని రిపోర్టు వచ్చిన పూట మా ఆవిడ మొదటిసారి అందరి ముందూ ఏడ్చింది. అన్నాళ్ళూ ఆపుకుందని నాకప్పుడే తెలిసింది.

నవంబర్ 11న మళ్ళీ స్కాన్. 1.6 సెంటీమీటర్ల నీడ మిగిలింది. అది చీము కాదు, మానుతున్న చోటు, పూర్తిగా పోవడానికి నెలలు పట్టవచ్చన్నారు. మూడు నెలల షుగర్ లెక్క 10.9 నుంచి 7.1కి వచ్చింది. పొద్దున, రాత్రి ఇన్సులిన్. బరువు 71 నుంచి 62కి పోయింది, ఇప్పుడు 67. తర్వాతి స్కాన్ ఫిబ్రవరిలో.

వానాకాలం వడ్లు దిగాయి. మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. వారం నుంచి సగం పూట పోతున్నాను. కుడి డొక్కలో శనగగింజంత మచ్చ ఉంది, బస్తాలు మాత్రం ముట్టనివ్వరు. లెక్కలు రాస్తూ రాస్తూ ఉంటే, నాలుగున్నర అయ్యేసరికి ఎడమ చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోతోంది.